తాడొదిలినోళ్ళు

ప్రతీక్ పోయిన నలభై రోజులకు అతని పాత కెమెరా సంచిలోంచి ఒక మెమరీ కార్డు బయటపడిందనీ, లదాఖ్ కొండల మీద అతని ఆఖరి రాత్రికి సంబంధించిన ఫొటోలు మూడు వందల నలభై ఒకటి అందులో ఉన్నాయనీ, వాటిలో రెండు వందల ఎనభై ఆరింటిని చూసి ఆపైన చూడలేక అతని అక్క సపన ల్యాప్‌టాప్ మూసేసిందనీ పోయిన వారం చెప్పుకున్నాం. ఆమె మూసిన మూడో రోజు, ఆదివారం మధ్యాహ్నం, ఆ ఫొటోలకు జవాబు చెప్పవలసిన మనిషే కామాఠీపురా పన్నెండో గల్లీలోని వాళ్ళ వరుసగదుల చాల్ మెట్లెక్కి వచ్చాడు. పిలవకుండా వచ్చాడు. చంకలో గోధుమరంగు కాగితం చుట్టిన పెద్ద పటం ఒకటి పెట్టుకుని వచ్చాడు.

ప్రతీక్‌ను సహాయకుడిగా లదాఖ్‌కు తీసుకుపోయిన శివరాంకు యాభై రెండేళ్ళు. అతని తాత ఈ గల్లీల్లోనే మేస్త్రీ. తండ్రి కాంట్రాక్టరై దాదర్‌కు మారాడు. శివరాం రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసేవాడిగా పేరు గడించాడు. మూడు తరాల్లో ఒక కుటుంబం పరంజా మీంచి నక్షత్రాల దాకా ఎక్కిందని సభల్లో గొప్పగా చెప్పుకునేవారు. ఎక్కుతున్నప్పుడు కింద నిచ్చెన పట్టుకున్న చేతుల ప్రసక్తి మాత్రం ఆ సభల్లో ఎవరూ తెచ్చేవారు కాదు.

"ఏం లక్ష్మవ్వక్కా, తింటున్నవా లేదా? సగమైపోయినవ్," అన్నాడు, చెప్పులు గడప బయట విడుస్తూ.

సపన తల్లి లక్ష్మవ్వ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసి, కూర్చోమన్నట్టు ప్లాస్టిక్ కుర్చీ వైపు గడ్డం ఊపింది.

పక్క గది మంగళ గ్యాలరీలోంచి తొంగిచూసింది. "సేఠ్ వచ్చిండంటె మా నల్లాల నీల్లు గూడ వస్తయేమో! చహా పెట్టాల్నా లక్ష్మవ్వా, థండా తెప్పియ్యాల్నా?"

"ఏమొద్దు మంగళక్కా. తలుపు దగ్గరికెయ్," అంది సపన.

మంగళ నవ్వు ఆగిపోయింది. తలుపు మాత్రం పూర్తిగా పడలేదు.

శివరాం పటానికి చుట్టిన కాగితం విప్పాడు. నల్లని ఆకాశం మధ్య కదలకుండా ఒక్క చుక్క, ధ్రువనక్షత్రం. దాని చుట్టూ వందలకొద్దీ వెలుగు వలయాలు, తెల్లవీ, పసుపువీ, అక్కడక్కడ లేత నీలానివీ. అడుగున ఒక కూలిన రాతిగోడ. చూసినవాళ్ళెవరైనా ఒక్క క్షణం మాట మరిచిపోయేంత అందమైన ఫొటో. కింద బంగారు అక్షరాలతో 'ప్రతీక్ జ్ఞాపకార్థం' అని ఉంది.

ఆ అందం చూసే సపనకు ఒళ్ళు మండింది. అందవికారంగా ఉన్నా బాగుండేదనిపించింది.

"ఇయ్యాల సాయంత్రం దాదర్ల మనోల్లు నాకు సత్కారం పెట్టిండ్రు," అన్నాడు శివరాం. "స్టేజీ మీద నా పక్కన నువ్వు కూసోవాలె అక్కా. ప్రతీక్ పేరు అందరి ముంగట చెప్త. ఇంకోటి, చిన్నపని." జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "ఈ ఫొటో విదేశంల పెద్ద పోటీకి పోయింది. ఆఖరి పదింటిల ఉన్నది. ఇది తీసేటప్పుడు ఒక మనిషి పోయిండు గదా, ఇంటోల్లకు ఏమన్న తక్రార్ ఉన్నదా అని వాల్లు అడుగుతున్నరు. ఇయ్యాల రాత్రిలోపట జవాబు పోకుంటె తీసేస్తరు. ఇక్కడ ఒక్క సహీ పెట్టు, బస్."

"చదువు," అంది లక్ష్మవ్వ.

అతడు చదివాడు. రాత్రి ఎనిమిది గంటలకే గదిలోకి పోయి పడుకోమని ప్రతీక్‌కు శివరాం గారు చెప్పారనీ, ప్రతీక్ తన ఇష్టం మీదనే కెమెరా దగ్గర ఉండిపోయాడనీ, తెల్లవారుజామున నాలుగింటి దాకా ఆ సంగతి శివరాం గారికి తెలియదనీ, కిందికి దించడానికి ఆ రాత్రి అక్కడ వాహనం లేదనీ, తమకు ఎవరి మీదా ఫిర్యాదు లేదనీ ఆ కాగితం సారాంశం. కింద గీత గీసి, గీత కింద 'తల్లి' అని రాసి ఉంది.

సపన వంటగట్టుకు ఆనుకుని నిలబడి మొత్తం వింది. నాగ్‌పాడాలో ఒక పెళ్ళి ఫొటోల స్టూడియోలో ఆల్బమ్‌లు దిద్దడం ఆమె ఉద్యోగం. కరెంటు తీగలు, పెళ్ళికూతురి మొటిమలు, విడాకులు తీసుకున్న బావగార్లు, ఇలా అక్కర్లేనివన్నీ తుడిచేయడంలో ఆమెకు ఏడేళ్ళ అనుభవం. ఒక మనిషిని ఒక చోటినుంచి ఎంత నేర్పుగా తుడిచేశారో చూడగానే చెప్పగలదు. ఈ కాగితంలో శివరాం తనను తాను తుడిచేసుకున్నాడు. ఆ ఖాళీలో ప్రతీక్ మొండితనాన్ని నింపాడు.

"సార్, ఒక్క నిమిషం," అంది. "సహీ పెట్టేముందు మా అవ్వ గూడ కొన్ని ఫొటోలు చూడాలె. మీరు గూడ చూడండి."

ల్యాప్‌టాప్ తెచ్చి చాప మీద పెట్టి తెరిచింది.

శివరాం గోడకు ఆనించిన ఆ పటం నిజానికి ఒక్క ఫొటో కాదు. కెమెరాను కదలకుండా నిలబెట్టి, అరనిమిషానికొక ఫొటో చొప్పున గంటల తరబడి తీసి, వందల ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే, భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు వలయాలు గీస్తాయి. ఆ గంటల్లో కెమెరా వెంట్రుకవాసి కదలకూడదు, చుట్టుపక్కల వెలుగు పడకూడదు. పద్నాలుగు వేల అయిదు వందల అడుగుల ఎత్తున గాలి స్టాండును తోసేస్తుంది, అద్దం మీద మంచు పేరుకుంటుంది. అందుకని పక్కన ఒక మనిషి ఉండాలి. స్టాండుకు కట్టిన రాళ్ళసంచిని మోకాళ్ళ మధ్య అదిమిపట్టుకుని, కెమెరా అద్దానికి వేడిపొట్లాలు మారుస్తూ, చీకట్లో కూర్చోవాలి. ఆ రాత్రి ఆ మనిషి ప్రతీక్. ఇరవై నాలుగేళ్ళవాడు. పెళ్ళిళ్ళలో లైట్లు పట్టుకుని పని నేర్చుకున్నవాడు.

అంత ఎత్తుకు పోయేవాళ్ళు లేహ్‌లో కనీసం మూడు రోజులు ఆగి ఒంటిని అలవాటు చేసుకోవాలి, లేదంటే ఊపిరందదు, వెంటనే కిందికి దించకపోతే ప్రాణం పోతుంది. శివరాం పుణేలో ఏదో ప్రసంగం ఒప్పుకోవడం వల్ల ప్రయాణం మూడు రోజులు వెనక్కి జరిగింది. అమావాస్య ఎవరి కోసమూ వెనక్కి జరగదు. కాబట్టి మూడు రోజుల విశ్రాంతి ఒక్క రాత్రికి కుదిరింది. ఒక కారణం ఇంకో కారణాన్ని తోసుకుంటూ పోయింది. చివర నిలబడ్డవాడు ప్రతీక్.

అయితే ప్రతీక్ నేర్చుకోవాలనే ఆశతో తన పాత కెమెరాను కూడా ఇరవై అడుగులు వెనక ఒక బండరాయి మీద పెట్టి, అదే పద్ధతిలో నడిపించాడు. దాని చూపులో ఆకాశమూ ఉంది, పెద్ద కెమెరా స్టాండూ ఉంది, దాని పక్కన కూర్చున్న తానూ ఉన్నాడు. ఈ సంగతి శివరాంకు ఈ క్షణం దాకా తెలియదు.

"ఇది తొమ్మిదింబావు," అంది సపన. తెర మీద నక్షత్రాల కింద కూర్చున్న మనిషి నీడ. "కూసున్నడు. ఇది పదిన్నర. తల మోకాల్ల మీద పెట్టిండు. ఇది పదకొండున్నర. పక్కకు ఒరిగిండు, లెవ్వలే. ఇగ ఇది చూడండి. రెండు వందల ఎనభై మూడు. పదకొండు నలభై."

కుడివైపు నుంచి ఒక ఎర్రని వెలుగు గీత స్టాండు దాకా వచ్చింది. రాత్రి ఆకాశం ఫొటోలు తీసేవాళ్ళు కళ్ళు చెదరకుండా తలకు కట్టుకునే ఎర్రదీపం అది. తర్వాతి ఫొటోలో అది స్టాండు దగ్గర నిలిచి ఉంది. ఆ ఎర్రటి వెలుగులో నేలమీద ఒరిగిన మనిషి బూట్లతో సహా కనిపించాడు. ఎనభై అయిదులోనూ అంతే. ఎనభై ఆరులో ఎర్ర గీత వచ్చిన దారినే వెనక్కి పోయింది.

లక్ష్మవ్వ చేతిలోని చింతపండు అలాగే ఉండిపోయింది.

"ఇది నేనని ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు శివరాం.

"ఆ జాగల ముగ్గురే ఉంటిమని పోలీసులకు మీరే రాసిచ్చిండ్రు. డ్రైవర్ తొమ్మిదింటికే గాడీ తీస్కొని కిందికి పోయిండని గూడ మీరే రాసిచ్చిండ్రు. నేల మీద పడి ఉన్నోడు మా తమ్ముడు. మరి ఎర్ర లైటు ఎవరిది సార్? ధ్రువనక్షత్రం దిగొచ్చిందా?"

శివరాం కుర్చీలో సర్దుకున్నాడు. నెమ్మదిగా, చిన్నపిల్లకు నచ్చజెప్పే గొంతుతో అన్నాడు. "సరే, వచ్చిన. ఒక్క నిమిషం చూసి పోయిన. నిద్రపోతుండనుకున్న. చలిల కష్టపడ్డోన్ని ఎందుకు లేపాలె అనుకున్న."

"రెండు నిమిషాలు. నాలుగు ఫొటోలు. రెండు నిమిషాలు నిలబడి ఏం చేసినవ్?"

'మీరు' పోయి 'నువ్వు' రావడం ముగ్గురూ గమనించారు.

"అద్దం మీద మంచు తుడిచిన."

తాను అన్నదాన్ని అతడు అప్పుడే విన్నట్టున్నాడు.

"అద్దం తుడిచినవ్," అంది సపన. గొంతు పెరగలేదు. ఇంకా కిందికి దిగింది. "మనిషి మూతి దగ్గర చెయ్యి పెట్టి చూడలే. వంగలే. ఇగో, నాలుగు ఫొటోలల్ల నీ లైటు ఎక్కడన్న నేల దిక్కు వంగిందా చూపెట్టు." లేచి గోడ దగ్గరికి వెళ్ళి, పటం మీది వెలుగు వలయాల్లో ఒకదాని మీద గోరు పెట్టింది. "ఇక్కడ చూడు. నీ లైటు పడి నాలుగు ఫొటోలు ఖరాబైనయి. వాటిని తీసేసినవ్. తీసేస్తె ప్రతి గీతల రెండు నిమిషాల సందు పడ్తది. ఆ సందు అతికినవ్. ఇక్కడ అతుకు, ఇక్కడ అతుకు, ఈ పసుపుదాని మీద గూడ. పది రోజులు కూసొని అతికి ఉంటవ్. నాకు తెలుసు, నేను చేసేది అదే పని. ఆ నాలుగు ఫొటోలు పడేటప్పుడు కెమెరా పక్కనే మా తమ్ముడు పడి ఉన్నడు. అన్ని రోజులు వాన్ని యాది చేసుకుంటనే అతికినవ్ గదా?"

"నోరు సంబాలించి మాట్లాడు," అంటూ శివరాం లేచాడు. ముఖంలో నెత్తురు పొంగింది. "నేనొచ్చేసరికి ఏం చెయ్యగల్గుదును? గాడీ లేదు. డ్రైవర్ లేడు. భుజం మీద మోస్తనా? పన్నెండేండ్లు ఎదురుచూసిన ఆ ఆకాశం కోసం! మబ్బు లేదు, చంద్రుడు లేడు, గాలి గూడ తగ్గింది. జిందగీల ఒక్కసారి వస్తది అట్లాంటి రాత్రి."

"మా వాని జిందగీ ఎన్నిసార్లు వస్తది?"

"వాన్ని నేను కట్టేసి కూసోబెట్టలే! ఎనిమిదింటికి వచ్చి తల నొస్తుంది, ఊపిరి ఆడ్తలేదు, కిందికి పోతా అన్నడు. నేను పొమ్మన్న." ఇక్కడ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తడబాటే అతన్ని ముంచింది. తడబడ్డ మనిషికి కోపం వస్తే దాచుకున్నదే ముందు బయటికొస్తుంది. "ఒక్కమాట అన్న, అంతె. తాడొదిలినోల్ల పిల్లగానివి, ఇది గూడ వదిలేసి పోతవా అన్న. దాంట్ల ఏమున్నది? నవ్వులాటకన్న."

గ్యాలరీలో మంగళ గాజులు గలగలమని ఆగాయి.

ఆ మాట బయటివాళ్ళకు అర్థం కాదు. ఈ గల్లీల్లో పుట్టినవాళ్ళకు విడమరచనక్కర్లేదు. అరవై ఏళ్ళ కిందట పరేల్‌లో ఒక మిల్లు గోడ కడుతున్నప్పుడు ప్రతీక్ తాత పోచయ్య నాలుగో అంతస్తు పరంజా మీద గిరక తాడు పట్టుకుని ఉన్నాడు. తాడు చివర ఇటుకల తట్ట. కూలీల మధ్య ఒకటే కట్టుబాటు: తాడు పట్టినవాడు మేస్త్రీ 'వదులు' అనేదాకా వదలకూడదు, ఒంటి మీద తేలు పాకినా వదలకూడదు. పోచయ్యకు ఆ రోజు జ్వరం. కళ్ళు తిరుగుతున్నాయి, ఇంకొకణ్ణి పంపమని మూడుసార్లు కేక వేశాడు. కింద నిలబడ్డ మేస్త్రీ ఈ తట్ట ఎక్కనీ అన్నాడు, ఆ తర్వాత ఇంకో తట్ట అన్నాడు. మూడో తట్టకు పోచయ్య కళ్ళు మూతలు పడ్డాయి. తాడు జారింది. కింద ఒక కూలీ చచ్చిపోయాడు. పంచాయితీలో పోచయ్య తలవంచాడు. ఆనాటి నుంచి ఆ ఇంటివాళ్ళు తాడొదిలినోళ్ళయ్యారు. పిల్లల గొడవల్లో, నల్లా దగ్గర తగాదాల్లో, పెళ్ళి సంబంధాల్లో ఆ పేరు మూడు తరాలు వెంటబడింది. కాబట్టి ఆ ఇంట్లో పిల్లలకు అన్నంతోపాటు ఒక మాట తినిపించారు: మనం పట్టింది వదలొద్దు. లక్ష్మవ్వ మొగుడు కడుపులో కురుపుతోనే చివరి శనివారం దాకా పనికి పోయాడు. జారిన తాడును చాల్ గుర్తుపెట్టుకుంది. మూడు కేకలను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ మేస్త్రీ శివరాం తాత.

"నవ్వులాట," అంది సపన. "మీ తాత మూడుసార్లు వినలే. నువ్వు ఒక్కసారి గూడ వినలే. మల్ల ఆ పేరు మాకే పెట్టి, ఆ పేరుతోటే వాన్ని ఆడ కట్టేసినవ్. తాడు కన్న గట్టిగ కట్టేసినవ్. ఎక్కడ కొడితె కదలకుంట కూసుంటడో నీకు తెలుసు, ఎందుకంటె నువ్వు ఈ గల్లీలోనివే. బయటోడైతె వానికి ఆ మాటే తెల్వకపోతుండె, మా తమ్ముడు లేచి కిందికి నడిచొస్తుండె."

"నేనొక్కన్నే అన్ననా?" శివరాం వేలు లక్ష్మవ్వ వైపు తిరిగింది. "మీ అవ్వనడుగు! వాని ఫోన్‌కు ఆడ సిగ్నల్ లేకుండె, నా ఫోన్ నేనే ఇచ్చిన. ఎనిమిదీ అయిదుకు ఈ ఇంటికి ఫోన్ చేసిండు. స్పీకర్ మీద పెట్టి మాట్లాడిండు. నా చెవులతోటి విన్న నేను. అడుగు, ఏం చెప్పిందో!"

సపన తల్లి వైపు తిరిగింది.

ఆ సాయంత్రం తాను స్టూడియోలో ఉంది. ఫోన్ వచ్చిందని తల్లి చెప్పింది, మంచిగున్నడంట, తిన్నడంట అని మాత్రమే చెప్పింది. నలభై మూడు రోజులుగా అంతే చెప్పింది.

లక్ష్మవ్వ చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. ఒక్కొక్క వేలు విడివిడిగా, చింతపండు జిగురు పోయేదాకా తుడుచుకుంది.

"నిజమే," అంది. "అవ్వా, ఊపిరందుతలేదు, దిగి రావాల్నా అన్నడు. మేస్త్రీ దిగమన్నంకనే దిగు బిడ్డా అన్న. మల్ల మనల్ని అంటరు, జర ఓర్చుకో అన్న." కన్నీళ్ళు రాలేదు. "సరే అవ్వా అన్నడు. ఫోన్ పెట్టేసిండు."

మూడు రోజులుగా ఒకే మనిషి మీదికి సపన గురిపెట్టిన కోపం ఒక్కసారి దిక్కు తప్పింది. తల్లి మీద అరవాలనిపించింది. ఆ మాట నేర్పిన తాత మీద, నేర్పించిన చాల్ మీద, చిన్నప్పుడు ప్రతీక్ గాలిపటం దారం వదిలేస్తే 'తాడొదిలినోడా' అని నవ్విన తన మీద కూడా అరవాలనిపించింది. "నాకెందుకు చెప్పలే?" అని మాత్రం అనగలిగింది.

"ఎట్ల చెప్తనే?"

శివరాం కాస్త స్తిమితపడ్డాడు. ఆ ఇంట్లో నేరం పంచబడిందని అతనికి అర్థమైంది. పంచుకున్న నేరం సంధికి దారి అని అనుభవం నేర్పిన మనిషి అతడు. కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. "ఎవ్వరి తప్పూ కాదు అక్కా," అన్నాడు మెత్తగా. "నసీబ్. గాడీ ఉంటె దించేటోన్ని, లేకుండె. ఇప్పుడు ఈ లడాయితోటి వాడు వస్తడా? కనీసం వాని పేరన్న దునియా చూస్తది. పెట్టు." కాగితం చాప మీద పరిచి, పెన్ను దాని మీద పెట్టాడు.

"అవ్వా, పెట్టకు!" అంది సపన.

లక్ష్మవ్వ పెన్ను వైపు చూడలేదు. ల్యాప్‌టాప్ వైపు చూసింది. "ఇంకా ఉన్నయంటివి గదా. మిగిలినయి తియ్యి."

"వద్దవ్వా. నేను చూడలే. చూడలేను."

"నేను చూస్త. నేను చెయ్యబట్టె గదా పడి ఉన్నడు. చూడనీ."

సపన కూర్చుంది. వేలు మీటను నొక్కింది. రెండు వందల ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది. నక్షత్రాలు జరుగుతున్నాయి, నేల మీది నీడ జరగడం లేదు. తొంభై. తొంభై అయిదు. మూడు వందలు. శివరాం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చూసేదేమీ లేదనుకున్న మనిషి లాగానే చూస్తున్నాడు. మూడు వందల ఎనిమిది.

మూడు వందల తొమ్మిదిలో నీడ రెండయింది.

సపన వేలు ఆగింది. సమయం చూసింది: పదకొండు యాభై మూడు. ఎర్రదీపం లేదు. ఏ దీపమూ లేదు. ప్రతీక్ పక్కన ఇంకొకరు మోకాళ్ళ మీద ఉన్నారు. ఉద్యోగం నేర్పిన చేతులు వాటంతట అవే పనిలోకి దిగాయి. చీకటిని కొంచెం పలచబరిచింది, ఇంకొంచెం. మసకగా, ఇసుక రాలినట్టు గరుకుగా, ఆకారాలు పైకి తేలాయి. మందమైన పొడుగు కోటు, చెవులు కప్పే టోపీ. ఒక చెయ్యి ప్రతీక్ తల కింద ఉంది. రెండో చేతిలో ఫ్లాస్కు మూత, అతని నోటి దగ్గర. అరనిమిషం వెలుగు పట్టిన ఫొటోలో కదిలినవన్నీ చెరిగిపోతాయి. చెరగలేదంటే ఆ మనిషి అరనిమిషం కదలకుండా ఆ మూతను అలాగే పట్టుకుని ఉన్నాడు. మూడు వందల పదిలోనూ పట్టుకునే ఉన్నాడు. పదకొండులోనూ. పన్నెండులో అతని ముఖం కుడివైపుకు, ఎర్రదీపం పోయిన దిక్కుకు తిరిగి ఉంది. నోరు తెరిచి ఉంది. ఎవరినో పిలుస్తున్నాడు.

"అది డ్రైవర్ కోటు," అంది సపన. ఆ కోటు ఆమెకు తెలుసు. లేహ్ నుంచి పంపిన ఫొటోలో తమ్ముడు అది తొడుక్కుని నవ్వుతూ నిలబడ్డాడు, ఫొటోకని డ్రైవర్‌భాయి జరసేపు ఇచ్చిండు అని రాశాడు. "డ్రైవర్ ఆన్నే ఉన్నడు. డ్రైవర్ ఉంటె గాడీ ఆన్నే ఉన్నది. పదకొండు యాభై మూడుకు మా తమ్ముడు నీల్లు తాగుతున్నడు. అంటె బతికే ఉన్నడు!"

శివరాం కిటికీ వదిలి తెర దగ్గరికి ఒక అడుగు వేశాడు. చూశాడు. అతని చెయ్యి కుర్చీ వీపును వెతుక్కుంది.

"ఫోన్ చేస్త నేను పోలీసులకు," అంటూ సపన లేచింది. "ఇప్పుడే. ఆ సత్కారం స్టేజీ మీదికే రమ్మంట."

"కూసో," అంది లక్ష్మవ్వ.

"అవ్వా!"

"కూసో అన్న."

ముప్పై ఏళ్ళు తట్టలు మోసిన మనిషి గొంతు అది. సపన నిలబడ్డచోటే ఆగింది. లక్ష్మవ్వ తెర మీది మనిషిని ఇంకా కాసేపు చూసింది. తర్వాత నేలమీది కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టి, శివరాం వైపు తిప్పి జరిపింది. పెన్నును దాని పక్కన పెట్టింది.

"నా కొడుక్కి ఆఖరి నీల్లు నేను పొయ్యలే. వాల్ల నాయన లేడు, అక్క లేదు. ఎవ్వరూ పొయ్యలేదని నలబై మూడు దినాల సంది నాకు ముద్ద దిగుతలేదు," అంది. "ఎవరో పోసిండ్రు. ఆ మనిషి పేరు నాకు కావాలె. పేరు, ఊరు. నాకు నోటి మాట వద్దు. ఈ కాగితం మీదనే, నీ చేతితోటి రాయి. రాసినంక దాని కింద నేను సహీ పెడ్త."

"పిచ్చి లేసిందా నీకు?" సపన అరిచింది. "తక్రార్ లేదని రాసున్నది దాంట్ల! ఒక్క పేరు కోసం వాన్ని వదిలేస్తవా?"

లక్ష్మవ్వ కూతురి వైపు తిరగలేదు. శివరాం ముఖంలోకే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో, లేదా కోపం దాటి చాలా దూరం పోయిన చూపు అది. సపన తల్లినీ, కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. 'ఆ రాత్రి అక్కడ వాహనం లేదు' అన్న వాక్యం పైన ఉంది. దాని కింద అతని చేతిరాతతో ఆ డ్రైవర్ పేరు పడితే, పై వాక్యం అబద్ధమని రాసినవాడే ఒప్పుకున్నట్టు. పేరు పడకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే రాత్రికల్లా ఆ ఫొటో పోటీలో లేదు. తల్లి అది తెలిసే అడిగిందా, లేక నిజంగానే ఆమెకు కావలసింది ఆ ఒక్క పేరేనా, సపనకు అంతుపట్టలేదు.

శివరాంకు మాత్రం అంతా అర్థమైంది. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. గోడకు ఆనించిన పటం వైపు, అందులోని వెలుగు వలయాల వైపు చాలాసేపు చూశాడు. పన్నెండేళ్ళు ఎదురుచూసిన మనిషి చూసినట్టే చూశాడు.

తర్వాత వంగి పెన్ను తీసుకున్నాడు.

"స్పెల్లింగ్ నాకు సరిగ్గ రాదు," అంటూ, వాహనం లేదన్న వాక్యం కింద డ్రైవర్ పేరు రాయడం మొదలుపెట్టాడు.